పద్దెనిమిది గంటల ఉత్తర్వు

గుమ్మలవలస పురపాలక సంఘం కార్యాలయంలో నేను ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. పేరు జోగారావు, హోదా సీనియర్ అసిస్టెంటు. ఇన్నేళ్లలో పైవాళ్లు చెప్పింది రాయడమే తప్ప, ఎందుకు రాస్తున్నామని అడిగిన పాపాన పోలేదు. అందుకే నా సర్వీసు రిజిస్టరులో ఒక్క మచ్చ లేదు. మా ఊళ్లో కరెంటు ఆటో ఎంతసేపట్లో ఛార్జి అవుతుందో ప్రభుత్వపరంగా తేల్చిన వైనానికి మొదటి నుంచీ నేనే సాక్షిని కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మూడేళ్ల కిందట మా ఊరి మహిళా సంఘాల సభ్యులకు నలభై కరెంటు ఆటోలు వచ్చాయి. పాత పశువుల సంత ఖాళీగా ఉంటే అక్కడ రేకుల షెడ్డు వేసి, ఆరు ఛార్జింగ్ పాయింట్లు పెట్టి, దానికి యార్డు అని పేరు పెట్టాం. ఇంటి దగ్గర ఛార్జి చేసుకుంటే అది పర్యవేక్షణ లేని ఛార్జింగ్ అవుతుంది కాబట్టి అందరూ యార్డుకే రావాలని నిబంధన. ఆటో తిప్పడానికి అనుమతి కావాలంటే పదకొండో నమూనా దరఖాస్తు నింపాలి. అందులో ఏడో గడి ఇలా ఉంటుంది: "వాహనము పూర్తిగా ఛార్జి అగుటకు పట్టు సమయము (గంటలలో, ఒకే సంఖ్య)."

ముప్పై తొమ్మిది మంది ఆ గడిని ఖాళీగా వదిలేశారు. అలా వదిలేసినవాటికి మేము ఎప్పుడూ అభ్యంతరం చెప్పం. నలభయ్యో ఆవిడ నింపింది.

ఆవిడ పేరు గొర్లె నూకరత్నం. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. జనపనార మిల్లులో పదేళ్లు పనిచేసి, మిల్లు మూతపడ్డాక ఆటో నేర్చుకుంది. ఏడో గడిలో ఆవిడ గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: "బేటరీ ఏడున్నర యూనిట్లు. గంటకి ఒకటిన్నర యూనిట్లు ఎక్కుతాది. పూర్తిగా కాళీ అయితే అయిదు గంటలు, ఆకర్న ఇంకో పది నిమిషాలు. సగం ఉంటే రెండున్నర." కింద భాగాహారం కూడా చేసి చూపించింది.

ఆ కాగితం చూసి మా కమిషనర్ ధనుంజయరావు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఆవిడను పిలిపించారు. పక్కన మున్సిపల్ ఇంజినీరు తారకేశ్వర్ గారు, ఫైలు పట్టుకుని నేను.

"ఏమ్మా, ఇదేమిటి?" అన్నారు కమిషనర్ గారు.

"లెక్క బాబూ."

"లెక్కని నాకూ కనిపిస్తోంది. ఎవరు చేశారు?"

"నానే సేసినాను."

"నీకు ఆ అధికారం ఎవరిచ్చారు?"

"బాగారానికి అదికారం కావాలేటి బాబూ?" అంది. ఆవిడ గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"చూడమ్మా. ప్రభుత్వం ఒక సంఖ్య అడిగింది. నువ్వు మూడు సంఖ్యలూ రెండు షరతులూ ఇచ్చావు. 'అయితే', 'ఉంటే' అనే మాటల మీద పరిపాలన నడవదు. పరిస్థితిని బట్టి మారేదాన్ని సమయం అనరు, అభిప్రాయం అంటారు."

"అదేటి బాబూ! బిందె సగం నిండి ఉంటే మిగతా సగం నిండడానికి సగం సేపే కదా పడతాది?"

"బిందెలు నీటి సరఫరా విభాగం. అది వేరే ఫైలు."

తారకేశ్వర్ గారు ఇంజినీరింగు చదువుకున్న మనిషి. మెల్లగా దగ్గి, "సార్, ఆవిడ చెప్పింది..." అని మొదలుపెట్టారు.

"సరైనదే కావచ్చు తారకేశ్వర్ గారూ. సరైనదా కాదా అన్నది తర్వాతి సంగతి. ఏ మార్గం ద్వారా వచ్చిందన్నది ముందు చూడాలి. రేపు ఎవరో ఒకరు సరైన జవాబు పట్టుకుని నేరుగా లోపలికి వచ్చేస్తే ఇక మనమంతా ఇక్కడ ఎందుకు?"

ఆ సాయంత్రమే 'విద్యుత్ వాహన ఛార్జింగ్ కాల నిర్ధారణ సంఘం' ఏర్పడింది. ఇంజినీరు గారు అధ్యక్షులు. శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు, టౌన్ ప్లానింగ్ అధికారి గారు సభ్యులు. నేను కార్యదర్శిని. అభ్యంతరం ఎవరి బండి వల్ల పుట్టిందో ఆ బండి మీదే ప్రయోగం చేయాలని మొదటి తీర్మానం.

ఛార్జింగ్ కొలవాలంటే ముందు బండి ఖాళీ కావాలి. ఒక గురువారం సభ్యులం ముగ్గురం వెనక కూర్చుంటే నూకరత్నం మమ్మల్ని ఊరంతా తిప్పింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు ఆ తిరుగుడులోనే పనిగా నాలుగు మురుగు కాలవలు కూడా తనిఖీ చేశారు. సాయంత్రం నాలుగింటికి రైల్వే గేటు దగ్గర ఆటో ఆగిపోయింది. బండి తెర మీద ఛార్జి సున్నా అని కనిపించింది. అధ్యక్షులు స్కూటరు మీద వచ్చి చూశారు.

"సున్నా కనిపిస్తోందంటే తెర వెలుగుతున్నట్టే కదా," అన్నారు టౌన్ ప్లానింగ్ అధికారి గారు. "వెలుగుతోందంటే కరెంటు ఉన్నట్టే కదా. మరి ఖాళీ ఎలా అవుతుంది?"

తెరకు వేరే చిన్న బ్యాటరీ ఉంటుందని అధ్యక్షులు వివరించారు. అది తీర్మానంలో లేదు కాబట్టి తెర ఆరిపోయేదాకా వేచి చూశాం. నలభై నిమిషాలైనా ఆరలేదు. చివరికి "తెరను పరిగణనలోకి తీసుకోవడం లేదు" అని రాసి అందరం సంతకాలు పెట్టి, బండిని యార్డు దాకా తోసుకొచ్చాం.

మర్నాడు శుక్రవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు కొబ్బరికాయ కొట్టి ప్లగ్గు పెట్టాం. సంఘం సభ్యులు ఎదురుగా లేని సమయంలో ఎక్కిన కరెంటు చెల్లదన్నది రెండో తీర్మానం. కాబట్టి టీకి వెళ్లినప్పుడు ప్లగ్గు తీశాం. ఫొటోల కోసం రెండుసార్లు తీశాం. భోజనానికి తీశాం. భోజనమయ్యాక సమావేశపు మినిట్స్ మీద సంతకాలకు ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చి మళ్లీ పెట్టనే లేదు. ఆ రోజు కరెంటు ఎక్కింది గంటా యాభై నిమిషాలు. మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. సోమవారం లైను మరమ్మతులని చెప్పి సాయంత్రం నాలుగూ ఇరవై దాకా కరెంటు లేదు. అయిదింటికి ఆఫీసు వేళ అయిపోయింది కాబట్టి నలభై నిమిషాలే ఎక్కింది. మంగళవారం పదిన్నర నుంచి ఒంటిగంట దాకా సాఫీగా నడిచింది. భోజనం చేసి వచ్చి మూడింటికి ప్లగ్గు పెడితే మూడూ పదికి తెర మీద నూరు వచ్చింది.

ఈ రోజులన్నీ నూకరత్నం యార్డు గోడ పక్కన రాతి మీదే కూర్చుంది. బండి లేదు కాబట్టి పని లేదు. నేను ముక్కలన్నీ కూడితే అయిదు గంటల పది నిమిషాలు వచ్చింది. ఆవిడ నా భుజం మీద నుంచి చూసి, "సెప్పినాను కదేటి బాబూ," అంది.

తారకేశ్వర్ గారు ఆ అయిదు గంటల పది నిమిషాలనే నివేదికలో రాశారు. కమిషనర్ గారు చదివి తల పైకెత్తారు.

"ప్రయోగం ఎప్పుడు మొదలైంది?"

"శుక్రవారం సార్."

"ఎప్పుడు పూర్తయింది?"

"మంగళవారం సార్."

"శుక్రవారానికీ మంగళవారానికీ మధ్య అయిదు గంటలా?"

"మిగతా సమయంలో ఛార్జింగ్ జరగలేదు సార్."

"జరగలేదంటే? సోమవారం రోజంతా సంఘం యార్డులో ఉందా లేదా?"

"ఉంది సార్."

"ఏం చేసింది?"

"ఛార్జింగ్ నిర్ధారణ సార్."

"ఛార్జింగే లేనప్పుడు దేన్ని నిర్ధారించింది? అప్పుడు సభ్యులు విధుల్లో లేనట్టు. విధుల్లో లేకపోతే సెలవు పెట్టాలి. మీరు ముగ్గురూ సోమవారానికి సెలవు పెడతారా?"

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజంతా ఛార్జింగ్ జరిగిందన్న విషయంలో వాళ్లకు ఇక సందేహం లేకపోయింది. శుక్రవారం నుంచి మంగళవారం దాకా మొత్తం నూరు గంటల ముప్పై నిమిషాలు. అందులో రాత్రుళ్లూ సెలవు రోజులూ ఎవరూ విధుల్లో లేరు కాబట్టి అవి తీసేస్తే పదిహేడున్నర మిగిలింది. గడిలో అర గంటకు చోటు లేదు.

"పదిహేడు చేస్తే ప్రజలకు అర గంట తక్కువ ఇచ్చినట్టవుతుంది. ప్రభుత్వం ప్రజల దగ్గర కాలం మిగుల్చుకోకూడదు. పద్దెనిమిది రాయండి," అన్నారు కమిషనర్ గారు. ఆయన మనసు పెద్దది.

ఉత్తర్వు నా చేత్తోనే రాశాను. "గుమ్మలవలస పురపాలక సంఘ పరిధిలోని సమస్త విద్యుత్ వాహనములు పూర్తిగా ఛార్జి అగుటకు పట్టు సమయము పద్దెనిమిది గంటలుగా ఇందుమూలముగా నిర్ణయించడమైనది." ఆరు పాయింట్లు, నలభై ఆటోలు, బండికి పద్దెనిమిది గంటలు. అంటే ఒక్కో బండికి అయిదు రోజులకోసారి వంతు వస్తుంది. తారకేశ్వర్ గారు ఈ లెక్క ఒక చీటీ మీద వేసుకుని, నాకు చూపించి, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

మొదటి వారంలోనే నూకరత్నం అయిదు గంటల పది నిమిషాలకు ప్లగ్గు తీసి బండి తోలుకుపోయింది. ఆవిడకు సంజాయిషీ నోటీసు వెళ్లింది. "నిర్ణీత వ్యవధికి పన్నెండు గంటల యాభై నిమిషముల ముందుగా తమ వాహనము నిండినట్లు తెలియవచ్చినది. అట్లు నిండుటకు గల కారణములను మూడు దినములలోగా తెలుపవలెను." ఆవిడ ఆ నోటీసు వెనక వైపే జవాబు రాసి పంపింది: "అది నిండిపోయింది బాబూ. నానేటి సేసేది."

ఈ జవాబు సంతృప్తికరంగా లేనందున పాయింట్లకు తాళాలు బిగించాం. ప్లగ్గు పెట్టగానే కాపలాదారు గంగునాయుడు తాళం వేసి రిజిస్టరులో వేళ రాస్తాడు. పద్దెనిమిది గంటలు నిండాకే తీస్తాడు. గంగునాయుడు మంచివాడు, చెప్పింది చేస్తాడు. అంతకుమించి ఆలోచించడానికి అతనికి జీతం లేదు.

ఉత్తర్వులో సమస్త విద్యుత్ వాహనములు అని రాశాం కాబట్టి మున్సిపాలిటీ వారి శవవాహనం కూడా దాని కిందకే వచ్చింది. అదీ బ్యాటరీదే. ఒకనాడు బెల్లం వ్యాపారి ఒకాయన పోతే బంధువులు బండి కోసం యార్డుకు వచ్చారు. బండి నిండుగానే ఉంది. ఇంకా పదకొండు గంటలుందని గంగునాయుడు రిజిస్టరు చూపించాడు. వాళ్లు అరిచారు, బతిమాలారు, చివరికి పాడె భుజాన వేసుకుని రెండు కిలోమీటర్లు నడిచారు. పత్రికలో చిన్న వార్త వస్తే జిల్లా నుంచి వివరణ అడిగారు.

"ఆలస్యం వల్ల మృతునికి ఎలాంటి అసౌకర్యం కలగలేదని రాయండి," అన్నారు కమిషనర్ గారు. అలాగే రాశాను. అది నిజమే కదా.

ఇంతలో రాష్ట్రస్థాయి సమీక్ష జరిగింది. ఏ ఊళ్లో ఛార్జింగ్ పాయింట్లు ఎన్ని గంటలు వాడకంలో ఉంటున్నాయో చూశారు. మిగతా ఊళ్లలో రోజుకు ఏడు, ఎనిమిది గంటలు. మా ఊళ్లో ఇరవై నాలుగు. ఒక్క నిమిషం ఖాళీ లేదు. మా కమిషనర్ గారికి శాలువా కప్పి జ్ఞాపిక ఇచ్చారు. మిగతా ఊళ్ల కమిషనర్లు మా పద్ధతి చూసి వెళ్లడానికి వచ్చారు. వాళ్లను స్టేషను నుంచి తీసుకురావడానికి ఆటోలు లేక డీజిలు జీపులు పెట్టాం.

ఇక్కడిదాకా నాకు నిద్రకేమీ ఇబ్బంది రాలేదు.

నూకరత్నం బండిలో వారానికి మూడుసార్లు వెళ్లే మనిషి ఒకాయన ఉన్నాడు. పొట్నూరు అప్పలస్వామి. ఎత్తిపోతల పథకంలో పంపు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలోని పెద్దాసుపత్రిలో ఉదయం ఎనిమిదింటికి డయాలసిస్. ఆయనకు బస్సు మెట్లు ఎక్కే ఓపిక లేదు. ఉత్తర్వు వచ్చాక నూకరత్నం మిగతా బేరాలన్నీ మానుకుని, ఉన్న ఛార్జింగంతా ఆ ప్రయాణాలకే దాచిపెడుతోందని ఆ తర్వాత తెలిసింది.

ఆ వారం ఆవిడ వంతు గురువారం సాయంత్రం నాలుగింటికి వచ్చింది. అంటే శుక్రవారం పది దాకా తాళం. ఉదయం రిజిస్టరు తనిఖీ నా బాధ్యత కాబట్టి ఆరున్నరకు నేను యార్డులోనే ఉన్నాను. నూకరత్నం వచ్చింది. వెనకే అప్పలస్వామి, భార్య చెయ్యి పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. కాళ్లు అప్పటికే వాచి ఉన్నాయి.

"గంగూ, తాళం తియ్యి. సూడు, నూరు సూపిస్తంది," అంది నూకరత్నం.

"నూరని బండి అంటంది. రిజిస్టరు అలా అంటం నేదు. పది దాకా ఉంది నూకరత్నం అప్పా," అన్నాడు గంగునాయుడు. అతని మొహం కూడా బాగాలేదు. నా వైపు తిరిగి, "బాబుగారు సెప్తే తీసెత్తాను," అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. తాళం చెవి గంగునాయుడి చేతిలోనే ఉంది. నేను ఒక్క మాట అంటే చాలు. ఇరవై రెండేళ్లలో నన్ను ఎవరూ ఏమీ నిర్ణయించమని అడగలేదు. నోరు తెరిస్తే అలవాటైన మాటే వచ్చింది.

"ఉత్తర్వు అలా ఉందమ్మా."

అప్పలస్వామే ఆవిడను ఓదార్చాడు. "పోన్లే అమ్మీ. ఆ బాబు మాత్రం ఏటి సేస్తాడు. బస్సుకెల్దాం పద."

బస్సు ఏడూ ఇరవైకి వచ్చింది. నూకరత్నం, ఆయన భార్య చెరో చెయ్యీ పట్టి ఎక్కించారట. ఆసుపత్రికి చేరేసరికి ఎనిమిదీ యాభై. ఆయన బెడ్డు ఇంకొకరికి ఇచ్చేశారు. సోమవారం రమ్మన్నారు. శనివారానికే ఆయాసం ముదిరి ఊపిరి ఆడకపోతే అంబులెన్సులో తీసుకెళ్లారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఏం తప్పు చేశానని వెతికితే ఏ నిబంధన కిందా కనిపించలేదు. అదే నన్ను మరీ భయపెట్టింది. ఆదివారం సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి వార్డు గుమ్మం దగ్గర నిలబడ్డాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పడుకుని ఉన్నాడు. లోపలికి వెళ్లలేక తిరిగొచ్చాను. ఆయన బతికాడు. నాలుగు రోజులకు ఇంటికొచ్చాడు.

నేను ఆసుపత్రికి వెళ్లొచ్చిన మర్నాడే, సోమవారం, నూకరత్నం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ కాయితం ఓసారి సదవండి బాబూ," అంది.

"ఏ కాగితం?"

"పద్దెనిమిది గంటల కాయితం. నాకు ఆ బాస తెల్దు. మెల్లగా సదవండి. ఒక్క ముక్క వదలొద్దు."

ఫైలు తీసి చదివాను. "సమస్త విద్యుత్ వాహనములు పూర్తిగా ఛార్జి అగుటకు..."

"ఆగండి. మల్లీ సదవండి."

"పూర్తిగా ఛార్జి అగుటకు పట్టు సమయము..."

"పూర్తిగా అనుందా?"

"ఉంది."

"మరి పూర్తిగా నింపకపోతే?"

నేను ఆ వాక్యాన్ని కన్నార్పకుండా చూశాను. నా చేత్తో రాసిన వాక్యం. ముసాయిదాలో ఒకసారి, శుద్ధప్రతిలో ఒకసారి, నలభై నకళ్ల మీద నలభైసార్లు చదివాను. పూర్తిగా అన్న మాట నాకు ఒక్కసారి కూడా కనబడలేదు.

"నింపకపోతే... ఉత్తర్వు వర్తించదు," అన్నాను. ఆ మాట నా గొంతులోంచి వచ్చిందంటే నాకే నమ్మశక్యం కాలేదు.

"తొంబై తొమ్మిది కాడ లాగేస్తే?"

"వర్తించదు."

"అయితే నాకు పూర్తిగా వొద్దు బాబూ. తక్కువగానే కావాలి. దానికి దరకాస్తు రాయండి."

రాశాను. 'అసంపూర్ణ ఛార్జింగ్ కొరకు అనుమతి కోరుట' అన్నది విషయం. ఆవిడ సంతకం పెట్టింది. మర్నాడు ఆ దరఖాస్తునూ, దాని మీద నేను రాసిన ముసాయిదా ఉత్తర్వునూ కమిషనర్ గారి ముందు పెట్టాను.

ఆయన చదివారు. మొదట మొహం ముడుచుకుంది. తర్వాత మెల్లగా విప్పారింది.

"జోగారావూ, ఇది చాలా గొప్ప ప్రశ్నయ్యా. అసంపూర్ణ ఛార్జింగుకు ఎంత సమయం పడుతుంది? రాష్ట్రంలో ఎవరైనా ఆలోచించారా?"

"లేదండి. శాతాన్ని బట్టి మారుతుందేమోనని ఇంజినీరు గారి అనుమానం అండి."

"మారితే మారనీ. ఎన్ని శాతాలున్నాయి?"

"ఒకటి నుంచి తొంబై తొమ్మిది దాకా అండి. ఒక్కోదానికీ విడిగా ప్రయోగం చేయాలి. ఎండాకాలం ఒకటి, వానాకాలం ఒకటి, చలికాలం ఒకటి. లేకపోతే రేపు ఎవరైనా తప్పు పడతారండి."

ఇది నేను అన్నాను. ఎవరూ చెప్పమనలేదు, ఎవరూ రాయమనలేదు. తొంబై తొమ్మిదిని మూడుతో హెచ్చిస్తే రెండు వందల తొంబై ఏడు ప్రయోగాలు. మా సంఘం ఒక ప్రయోగానికి మూడు పనిదినాలు తీసుకుంటుంది, నెలకోసారే కూడుతుంది. అంటే ఎంత లేదన్నా పాతికేళ్ల పని. ఈ లెక్క రాత్రంతా వేసుకుని మరీ వచ్చాను.

"భేష్. మరి ఈలోగా?" అన్నారు కమిషనర్ గారు.

"ఈలోగా అసంపూర్ణ ఛార్జింగుకు సమయం నిర్ధారణ కానట్టేనండి. నిర్ధారణ కాని సమయాన్ని అమలు చేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుందండి. అందుకని తుది నివేదిక వచ్చేదాకా అసంపూర్ణ ఛార్జింగుకు ఏ కాల నిబంధనా వర్తించదని ముసాయిదా తొమ్మిదో పేరాలో రాశానండి."

ఆడిట్ అన్న మాట వినగానే ఆయన కలం తీశారు. సంతకం పెట్టారు. గుమ్మం దాటి వరండాలోకి వచ్చాక గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాను. తారకేశ్వర్ గారు అటుగా వెళ్తూ ఆగి, నా చేతిలోని కాగితం తొమ్మిదో పేరా చదివి, నా భుజం తట్టి వెళ్లిపోయారు.

వారం తిరిగేసరికి నలభై మందీ హామీపత్రాలు ఇచ్చారు. "నా వాహనమును ఏనాడును పూర్తిగా ఛార్జి చేయనని ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను." శవవాహనం తరఫున శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు ప్రమాణం చేశారు. పాయింట్లకు తాళాలు తీశాం. గంగునాయుడికి కొత్త విధి వచ్చింది. తెర మీద తొంబై తొమ్మిది కనిపించగానే, "లాగెయ్యండి, లాగెయ్యండి! నిండిపోతంది!" అని యార్డంతా వినిపించేలా అరవడం. తాళం వేసిన రోజుల కన్నా ఈ పని అతను ఎంతో ఉత్సాహంగా చేస్తున్నాడు.

ఆ బుధవారం ఉదయం ఆరుంబావుకు నూకరత్నం ఆటో తొంబై రెండు శాతంతో యార్డు నుంచి బయటికి వచ్చింది. నేను గేటు దగ్గరే ఉన్నాను. అప్పలస్వామి వెనక కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి చెయ్యెత్తి దండం పెట్టాడు. నేను తల దించుకున్నాను. నూకరత్నం బండి ఆపింది.

"ఏటి బాబూ, పొద్దున్నే ఇక్కడున్నారు? రిజిస్టరా?"

"కాదమ్మా. ఊరికే వచ్చాను."

"ఊరికే వొచ్చినారా?" అని ఆవిడ నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "సంతోసం. మరి దారి వొదలండి, ఎనిమిదికి అందుకోవాల."

దారి వదిలాను.

అసంపూర్ణ ఛార్జింగ్ లెక్క తేల్చడానికి వేసిన రెండో సంఘం దీక్షగా పనిచేస్తోంది. మొదటి ఆరు నెలలూ ఒక శాతం అంటే సున్నా నుంచి ఒకటా, ఒకటి నుంచి రెండా అన్న చర్చతో గడిచాయి. ఆ తర్వాత ఒక శాతానికి ఎండాకాలం ప్రయోగం జరిగింది. మూడు నిమిషాల్లో అయిపోవడంతో సభ్యులు కంగారుపడి అది చెల్లదన్నారు. కార్యదర్శిగా నేను వాళ్లను ఏనాడూ తొందరపెట్టలేదు. ఏడాది తర్వాత పైనుంచి మెమో వచ్చింది: "మీ పట్టణమున నలభై వాహనములుండగా సంవత్సర కాలములో ఒక్కటియు పూర్తిగా ఛార్జి కాకపోవుటకు కారణమేమి?" విద్యుత్ పొదుపు అని కమిషనర్ గారు జవాబిచ్చారు. దానికి మరో శాలువా వచ్చింది. ఆ వెంటనే పదోన్నతి మీద ఆయన రాజధానికి బదిలీ అయ్యారు. రాష్ట్రం మొత్తానికి సమయాలు నిర్ణయించే విభాగంలో వేశారని విన్నాను.

కొత్త కమిషనర్ శర్వాణి గారు ముప్పై దాటని మనిషి. వచ్చిన మూడో రోజునే పెండింగు ఫైళ్లన్నీ తెమ్మన్నారు. ఛార్జింగ్ ఫైలు మూడు సంపుటాలైంది. ఇద్దరం మోసుకొచ్చి బల్ల మీద పెట్టాం. ఆవిడ మధ్యాహ్నం దాకా చదివారు. మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగారు. చదవడం అయ్యాక నన్ను పిలిచారు.

"జోగారావు గారూ, ఈ మూడు సంపుటాల్లో నాకు ఒక్కటే తెలియలేదు. అసలు ఆ ఆటో ఛార్జి కావడానికి ఎంతసేపు పడుతుంది?"

"విచారణలో ఉందండి."

"అది చదివాను. మీకు తెలుసా అని అడుగుతున్నాను."

నేను తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు.

"పూర్తిగా ఖాళీ అయితే అయిదు గంటల పది నిమిషాలు మేడం. సగం ఉంటే రెండున్నర."

"ఈ మాట ఫైల్లో ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు మేడం. ఒకప్పుడు ఉండేది, నిర్ణయంలో పోయింది."

ఆవిడ తొమ్మిదో పేరా ఉన్న పేజీని మళ్లీ తీశారు. కింద ముసాయిదా రాసినవారి పొట్టి సంతకం నాదే. దాన్ని చూశారు, నన్ను చూశారు. ఇక నా సర్వీసు రిజిస్టరు సంగతి తేలిపోయిందనుకున్నాను.

"ఇప్పుడు అందరి ఆటోలూ తిరుగుతున్నాయా?"

"నలభైకి నలభై మేడం."

"డయాలసిస్‌కు వెళ్లే ఆయన?"

ఆ సంగతి ఫైల్లో ఒకే ఒక్క అర్జీలో ఉంది. అక్కడిదాకా చదివారన్నమాట. "వెళ్లొస్తున్నారు మేడం. వారానికి మూడుసార్లు."

ఆవిడ మూడు సంపుటాలనూ ఒకదాని మీద ఒకటి సర్దారు.

"సరైన జవాబు రాసి పైకి పంపమంటారా మేడం?" అని అడిగాను.

"పంపితే ఏమవుతుంది?"

"పరిశీలనకు సంఘం వేస్తారు మేడం."

శర్వాణి గారు ఫైలుకు తాడు తనే స్వయంగా బిగించి కట్టి, నా వైపు తోశారు.

"ఎక్కడా రాయకండి," అన్నారు.